పల్లవి తీసేస్తే ఏం మిగులుతుంది?

ఒకే మాట పదిసార్లు చెబితే జనం విసుక్కుంటారని అంటారు గానీ నేను ఒప్పుకోను. మాట మళ్ళీ వచ్చినందుకు ఎవరూ విసుక్కోరు, చేతులూపుకుంటూ వస్తేనే విసుక్కుంటారు. ఈ రెండింటికీ తేడా ఏమిటో రాద్దామని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. ఎన్నికల మైకులు, వాట్సాప్ ఫార్వర్డులు, ధర్నాల్లో నినాదాలు, అన్నిటి వెనకా పనిచేసే కిటుకు ఇదొక్కటే. ఒడిశాలో ఉండే మనలాంటి తెలుగువాళ్ళు, ఏదైనా కావాలంటే పదిమంది చేత పదిసార్లు చెప్పించుకోవాల్సిన వాళ్ళు, దీన్ని తప్పకుండా అర్థం చేసుకోవాలని నా గట్టి నమ్మకం.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ ప్రచారం ఆటో వచ్చిందంటే ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి మోగాల్సిందే. పోయిన ఎన్నికలప్పుడు మా వీధిలో తిరిగిన ఒక ఆటోని కాస్త శ్రద్ధగా విన్నాను. మైకులో పాట, పాట మధ్యలో అభ్యర్థి పేరు, గుర్తు, మళ్ళీ పేరు, మళ్ళీ గుర్తు. "భాయి ఓ భొఉణీ మానే" అని ఒడియాలో మొదలుపెట్టి, తెలుగులోకి వచ్చి "మీ గుర్తు, మన గుర్తు, మరచిపోకండి ఈ గుర్తు" అని మూడు ముక్కలు. వీధి మొదట్లో ఒకసారి, మా ఇంటి ముందు ఒకసారి, మలుపు తిరిగాక గాలివాటున ఇంకోసారి. రోడ్డు వేయిస్తానన్నాడా, ఆసుపత్రికి డాక్టర్ని తెస్తానన్నాడా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అందులో అలాంటిదేమీ లేదు. మా పక్కింటి చిన్నగుంట మాత్రం సాయంత్రం దాకా "ఈ గుత్తు, మన గుత్తు" అని ఇల్లంతా తిరిగింది. చిన్నపిల్ల కదా అని నవ్వుకున్నాం గానీ, బూత్‌లో మెషీన్ ముందు నిలబడి, ముక్కూ మొహం తెలియని పది పేర్ల మధ్య చెవికి అలవాటైన పేరొకటి కనపడితే పెద్దవాళ్ళ వేలు కూడా అటే పోతుంది.

ఇది నా ఊహ కాదు, పరిశోధకులు లెక్కగట్టి చూశారు. 1977లో అమెరికాలో లిన్ హాషర్, ఇంకో ఇద్దరు కలిసి కాలేజీ విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కొన్ని వాక్యాలు వినిపించారు. ప్రతిసారీ 60 వాక్యాలు, ఇందులో ఏది ఎంతవరకు నిజమనిపిస్తోందో మార్కులు వేయమన్నారు. 20 వాక్యాలు మూడుసార్లూ వచ్చాయి, తక్కినవన్నీ ప్రతిసారీ కొత్తవి. మళ్ళీ మళ్ళీ వచ్చిన వాక్యాలకు మార్కులు పెరుగుతూ పోయాయి. ఆ వాక్యం నిజమా అబద్ధమా అన్నదానితో నిమిత్తం లేదు. విన్నమాట కాబట్టి నోట్లో, మనసులో తేలిగ్గా తిరుగుతుంది, తేలిగ్గా తిరిగింది కాబట్టి నిజమే అయ్యుంటుందిలే అనిపిస్తుంది. అంతే సంగతి.

తెలియనివాళ్ళ విషయంలో అలా జరుగుతుందేమో, తెలిసినవాళ్ళని ఎవరూ మోసం చేయలేరు అనుకుంటాం కదా. 2015లో లీసా ఫేజియో, ఆమెతో పనిచేసినవాళ్ళు దాన్నీ పరీక్షించారు. వాళ్ళు వాడిన వాక్యాల్లో ఒకటి ఏమిటంటే, స్కాట్లాండ్ వాళ్ళు కట్టుకునే కుచ్చిళ్ళ పొట్టి గుడ్డని చీర అంటారని! దాని పేరు కిల్ట్ అని తెలిసినవాళ్ళు కూడా, ఇలాంటి తప్పుడు వాక్యాన్ని రెండోసారి చూసేసరికి దానిమీద నమ్మకం కాస్త పెంచుకున్నారు. ఇది ఫలానా ప్రాంతపు సొంత సరుకు అని చెప్పే జీఐ గుర్తింపు 2012లో వచ్చిన బరంపురం పట్టు నేసే ఇళ్ళలో చీర గురించి ఈ మాట చెబితే మగ్గం ఆపి మరీ నవ్వుతారు, అది వేరే సంగతి. కానీ చీర కాకుండా మనం అంతగా పట్టించుకోని విషయమైతే? ఏదో మందు గురించో, పక్క వీధిలో ఉండే వేరే మతం వాళ్ళ గురించో అయితే? చదువుకున్నాం కదా, మాకేం కాదు అనే ధీమా పనికిరాదు.

నిజానికి మన పంచతంత్రం ఈ ప్రయోగం ఎప్పుడో చేసేసింది. బ్రాహ్మడు యజ్ఞం కోసం మేకను భుజాన వేసుకుని పోతుంటే ముగ్గురు దొంగలు చూశారు. ఒకడు ఎదురొచ్చి కుక్కను మోస్తున్నారేమిటి స్వామీ అన్నాడు. బ్రాహ్మడు కసురుకుని ముందుకు నడిచాడు. కొంత దూరం పోయాక ఇంకొకడు అదే మాట అన్నాడు. ఈసారి దించి చూసుకున్నాడు. ఇంకా పోయాక మూడోవాడూ అదే అనేసరికి మేకను దారిలో వదిలేసి ఇంటిదారి పట్టాడు. చిన్నప్పుడు ఈ కథ విని బ్రాహ్మడి అమాయకత్వానికి నవ్వేవాళ్ళం. ఇప్పుడు చదివితే నాకు ఆ దొంగల ఏర్పాటు కనపడుతుంది. ముగ్గురూ ఒకేచోట నిలబడి ఒకేసారి అని ఉంటే బ్రాహ్మడు తిట్టి పోయేవాడు. వేర్వేరు చోట్ల, ఒకళ్ళకొకళ్ళు తెలియనట్టు, కాస్త ఎడం ఇచ్చి చెప్పారు. ఫ్యామిలీ గ్రూపులో మామయ్య పంపిన ఫార్వర్డే కులసంఘం గ్రూపులోనూ వచ్చి, మర్నాడు పాత క్లాస్‌మేట్ల గ్రూపులోనూ వస్తే ముగ్గురు సాక్షులు దొరికినట్టు మనకు అనిపిస్తుంది. మూడూ ఒకే చోట పుట్టాయని తోచదు. వాట్సాప్ వాళ్ళు 2018లో ఇండియాలో ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టారంటే, 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే అన్నారంటే, మూడో దొంగ దాకా మాట చేరకుండా ఆపడానికే.

ఇంతవరకూ చదివి, అయితే మళ్ళీ మళ్ళీ చెప్పడమే మోసం అంటావా అని అడగకండి. అస్సలు అనను. మంచి పనికి కూడా ఇంతకంటే బలమైన సాధనం మాట్లాడేవాడి చేతిలో ఇంకొకటి లేదు. అది ఎలా ఉంటుందో నా కళ్ళతో చూసిన ఒక సభ గురించి చెబుతాను.

మా జిల్లాలో ఒక ఊళ్ళో తెలుగు మీడియం బడికి టీచర్ పోస్టు ఖాళీ అయి చాలాకాలం అయింది. ఊరు పేరు, బడి పేరు వద్దు. తల్లిదండ్రులంతా కలిసి గుడి ముందు షామియానా వేసి సభ పెట్టారు. ఒక అధికారి కూడా వచ్చి కూర్చున్నారు. మొదట మాట్లాడిన ఒక పెద్దమనిషి తెలుగు తల్లి, తెలుగు జాతి, తెలుగు వెలుగు, తెలుగు కీర్తి అంటూ అరగంట సేపు తెలుగు అన్న మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టి ఫోన్లు చూసుకున్నారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఆయనకి భాష మీద ప్రేమ నిజమైనదే. కానీ ఆ మాట వచ్చిన ప్రతిసారీ కొత్తగా ఏమీ తేలేదు.

తర్వాత రిటైరైన మాస్టారు ఒకాయన లేచారు. కాగితం లేదు. మైకుని ఒకసారి వేలితో తట్టి మొదలుపెట్టారు. "జూన్‌లో పిల్లల్ని చేర్పించారు. మాస్టారు లేరు." కాస్త ఆగి, "పుస్తకాలు వచ్చాయి, కట్టలు విప్పలేదు. మాస్టారు లేరు." ఇంకా నెమ్మదిగా, "పరీక్షలు పెట్టారు, పేపర్లు దిద్దింది పక్క ఊరి మేష్టరు, ఆయనకి తెలుగు రాదు. మా బడికి మాస్టారు లేరు." అప్పటికే ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళ పెదాలు ఆయనతో పాటు కదులుతున్నాయి. అప్పుడు ఆయన అసలు విషయానికి వచ్చారు. "పిల్లలు తగ్గిపోయారు కాబట్టి పోస్టు ఇవ్వలేం అంటున్నారు ఆఫీసువాళ్ళు. ఏం బాబూ, పిల్లలెందుకు తగ్గారు?" అని జనం వైపు తిరిగి ఊరుకున్నారు. షామియానా అంతా ఒక్కసారిగా "మాస్టారు లేరు!" అని అరిచింది. ఆయన మాత్రం గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న అధికారి వైపు వంగి, ఒడియాలో, చాలా మర్యాదగా, "ఆగ్యా, మాష్ట్రే నాహాంతి" అన్నారు.

నేను ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. ఆయన చెప్పింది రెండే రెండు పదాలు, మాస్టారు లేరు. ఆ పదాలు కదల్లేదు. వాటి ముందున్నవి మాత్రం ప్రతిసారీ మారాయి. పిల్లలు, పుస్తకాలు, పరీక్షలు, ఒక్కొక్కటీ ఎవరైనా వెళ్ళి చూసుకోదగ్గ విషయం. మూడుసార్లయ్యాక ఆ వాక్యం ఎలా ముగుస్తుందో వినేవాళ్ళకి ముందే తెలిసిపోయింది. అప్పుడు నాలుగోసారి ఆఫీసువాళ్ళ కారణాన్ని తెచ్చి దాని పక్కన పెట్టారు. పిల్లలు లేరు కాబట్టి మాస్టారు లేరనే వాదన, మాస్టారు లేరు కాబట్టి పిల్లలు లేరని తిరగబడింది. ఆ తిరగేసే పని ఆయన చేయలేదు, జనం చేత చేయించారు. ఒక మాటను మన చెవిలో ఎవరైనా వేస్తే అది వాళ్ళ మాటే. దాని చివరి ముక్క మన నోటితో మనం అన్నాక అది మన మాట అయిపోతుంది, ఇక దాని తరఫున మనమే వాదిస్తాం. మర్నాడు టీ కొట్టు దగ్గర, నీళ్ళ కుళాయి దగ్గర జనం అదే ధాటిలో మాట్లాడుకోవడం విన్నాను.

పోస్టు రాలేదింకా. అది కూడా చెప్పాలి.

అందుకే నేను ఇప్పుడు ఏ ఉపన్యాసం విన్నా, ఏ నినాదం విన్నా ఒక పని చేస్తాను. పాటలో పల్లవి తీసేసి చరణాలు మాత్రం చదివినట్టు, మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కను తీసేసి మిగిలింది చూస్తాను. మాస్టారి మాటల్లోంచి ఆ రెండు పదాలూ తీసేసినా నాలుగు సంగతులు మిగులుతాయి, వాటికి ఒక వరసుంటుంది. ఆటో మైకులోంచి గుర్తుని తీసేస్తే నిశ్శబ్దం.

పోతన గారు ఈ విద్యలో ఆరితేరినవారు. హైస్కూల్లో లాటానుప్రాసానికి ఉదాహరణ అడిగితే తడుముకోకుండా రాసేవాళ్ళం, "కమలాక్షు నర్చించు కరములు కరములు, శ్రీనాథు వర్ణించు జిహ్వ జిహ్వ" అని. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పే పద్యం. అలంకారం పేరు గుర్తుపెట్టుకుని, మార్కులు తెచ్చుకుని, అందులో ఉన్న పనితనాన్ని వదిలేశాం. విష్ణువుని పూజించే చేతులే చేతులు, పొగిడే నాలుకే నాలుక అంటున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు అది ఉత్త చెయ్యి, అందరికీ ఉండే చెయ్యి. వెంటనే రెండోసారి వచ్చినప్పుడు చెయ్యి అనిపించుకునే అర్హత ఉన్న చెయ్యి. ఒక్క కొత్త పదం వాడకుండా అర్థాన్ని ఒక మెట్టు ఎక్కించాడు. ముందున్న ముక్కలు వినిపించి, "శేషశాయికి మ్రొక్కు శిరము" అని ఆగి చూడండి, పద్యం రాని పిల్లలు కూడా మిగతా మాట తామే అందిస్తారు. తండ్రి మాత్రం కరగలేదు, ఆ కథ మనకు తెలిసిందే. ఎదురుగా కూర్చున్నవాడు ఒప్పుకోకపోయినా, చుట్టూ వింటున్నవాళ్ళు అయిదు వందల ఏళ్ళకు పైగా ఒప్పుకుంటూనే ఉన్నారు. సభలో అధికారి తల ఊపకపోతే మాట వృథా అయిందని అనుకోనక్కర్లేదని నాకు అనిపించేది అందుకే.

గజేంద్రుడి పద్యం ఇంకా గొప్పది. "కలడందురు దీనుల యెడ, కలడందురు పరమయోగి గణముల పాలం, గలడందు రన్ని దిశలను" అని మూడుసార్లు నమ్మకాన్ని పేర్చి, నాలుగోసారి అదే మాటను పట్టుకుని "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు. మూడుసార్లు ఉన్నాడంటారు, ఉన్నాడంటారు అని విన్నాం గనక ఆ చివరి "లేడో" గుండెలో దిగుతుంది. ముందు పాదాలు లేకుండా ఉత్తగా దేవుడున్నాడా లేడా అని అడిగితే అది రోజూ వినే ప్రశ్న. చెప్పిన మాటనే చెప్పి, సరిగ్గా మనం తల ఊపబోయే క్షణంలో తిప్పడం, మాస్టారు చేసిందీ ఇదే. ఆయన పోతనని తలుచుకుని చేశారా అంటే చెప్పలేను, కానీ ఈ పద్యాలు నోటికి వచ్చిన తరం వాళ్ళకి ఆ నడక తెలియకుండానే అబ్బుతుంది.

బుర్రకథ చూసినవాళ్ళకి ఇంకో విషయం తెలుసు. కథకుడు ఒక్కడే ఉండడు, పక్కన ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు పాడిన చివరి ముక్కను వాళ్ళు అందుకుని "తందాన తాన" అంటారు. వినేవాళ్ళు ఎక్కడ ఊఁ కొట్టాలో వాళ్ళు చూపిస్తారన్నమాట. మా వైపు జముకుల కథలోనూ ఇదే పద్ధతి, కథ చెప్పేవాడి మాటకి పక్కవాళ్ళు వంత కలపందే కథ నడవదు. 1940లలో ప్రజానాట్యమండలి రాజకీయాన్ని పల్లెకు తీసుకుపోవడానికి బుర్రకథను పట్టుకుంది, 1960ల చివర శ్రీకాకుళం ఏజెన్సీ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పట్టుకున్నాడు. వాళ్ళ రాజకీయాలతో ఏకీభవించినా లేకపోయినా, చదువురాని మనిషి మనసులో మాట నాటాలంటే దానికి వంత ఉండాలని వాళ్ళు గ్రహించారు.

అమెరికాలో నల్లవాళ్ళ చర్చిల్లో కూడా ఇలాగే ఉంటుంది, పాస్టర్ ఒక ముక్క అంటే జనం ఒక ముక్క అంటారు. మార్టిన్ లూథర్ కింగ్ అక్కణ్ణుంచి వచ్చినవాడు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది ముందు ఆయన చెప్పిన "నాకొక కల ఉంది" అనే భాగం రాసుకొచ్చిన ప్రసంగంలో లేదు. అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్‌లో ఆ కల గురించి చెప్పాడు, అంతకుముందూ చెప్పాడు, అరిగిపోయింది వద్దని దగ్గరివాళ్ళు సలహా కూడా ఇచ్చారు. ప్రసంగం మధ్యలో, గాయని మహాలియా జాక్సన్ వెనక నుంచి ఆ కల గురించి చెప్పు మార్టిన్ అని అరిచింది. ఆయన కాగితం పక్కన పెట్టి అందుకున్నాడు. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది ఆ కల ఎన్నిసార్లు వచ్చిందన్నది కాదు. వచ్చిన ప్రతిసారీ దాని వెనక ఒక ఊరో మనిషో ఉండటం. జార్జియా ఎర్రమట్టి కొండలు, మిసిసిపీ, అలబామా, తన నలుగురు పిల్లలు. సలహా ఇచ్చినవాళ్ళు పదిసార్లు విన్నారు కాబట్టి వాళ్ళకి పాతదైంది. మైదానంలో ఉన్న రెండున్నర లక్షల మందిలో ఎక్కువమందికి అదే మొదటిసారి. సభల్లో మాట్లాడే మన మిత్రులు చాలామంది ఇక్కడే తొందరపడతారు, తమకు బోరు కొట్టగానే జనానికీ కొట్టిందనుకుని మాట మార్చేస్తారు.

ఇంట్లో కూడా చూడండి. మా వైపు పెళ్ళిభోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు మొదటిసారి అడగడం మర్యాద, వద్దనడం కూడా మర్యాదే. "ఇంకొంచెం అన్నం వెయ్యనా బాబూ" అంటుంది పిన్ని. వద్దంటే "పెరుగులోకైనా వేసుకో" అంటుంది. అప్పుడూ వద్దంటే "నా చేత్తో ఒక్క ముద్ద" అంటుంది, ఇక చెయ్యి అడ్డుపెట్టలేం. మూడుసార్లూ అడిగింది అన్నమే, కానీ మూడుసార్లూ కారణం వేరు. అలా కాకుండా తిను తిను తిను అని ఒకే గొంతుతో అంటే పిల్లాడు లేచి పోతాడు.

ఈ విషయం రాస్తూ గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకపోతే పర్లాకిమిడి వాడిగా నాకు మనసొప్పదు. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన 1880లో మా ఊరి రాజావారి బడిలో టీచర్‌గా చేరారు. కొండల మీదికి వెళ్ళి సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ తిరుగుళ్ళలో వచ్చిన మలేరియాకి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అవతలివాడు ఏమంటున్నాడో సరిగ్గా వినపడని మనిషి, ముప్పయ్యేళ్ళ పాటు ఊరూరా సభల్లో ఒకే ఒక్క మాట చెప్పారు. శిష్టులు మాట్లాడుకునే తెలుగులోనే చదువు చెప్పాలి, రాయాలి అని. అంతే. 1919లో "తెలుగు" అని పత్రిక పెట్టి అందులోనూ అదే. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటల సేపు మాట్లాడితే అక్కడా అదే.

ఒకే మాటని నాలుగు గంటలు పండితుల చేత ఎలా వినిపించారంటే, ఆయన మాట ఎప్పుడూ చేతులూపుకుంటూ రాలేదు. ఒకసారి పాత కావ్యంలో ప్రయోగం తెచ్చారు, ఇంకోసారి శాసనం తెచ్చారు, మరోసారి గ్రాంథికం రాయాలని వాదించే పండితుల పుస్తకాలే తెచ్చి, మీ వ్యాకరణం ప్రకారం మీరే రాయలేకపోతున్నారు చూడండి అని వాళ్ళ వాక్యాలే చదివి వినిపించారు. ఆయన ఎదురుగా ఉన్నవాళ్ళకి గ్రాంథికం అలవాటు కాబట్టి అదే సరైనదనిపించేది. ఆ అలవాటుని ఒక్క గొప్ప ఉపన్యాసంతో కదిలించడం కుదరదు. ప్రతిసారీ ఒక కొత్త రుజువుతో, పాత మాటనే పట్టుకుని, మళ్ళీ వెళ్ళాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు చేరిపోతే ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న పోయారు. ఆయన చెప్పిన మాట బళ్ళలో, పుస్తకాల్లో నిలదొక్కుకోవడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మనం ఇలా హాయిగా రాసుకుంటున్నామంటే ఆ మనిషి విసుగు లేకుండా చెప్పబట్టే. నాకు ఆయన పేరెత్తితే గొంతు పట్టేస్తుంది, దాచుకోవడం ఎందుకు.

నినాదం గురించి కూడా రెండు మాటలు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు." 1966లో పుట్టిన ఈ మాటని ఇప్పటికీ ఎవరూ మార్చలేదు. ఉక్కుకి హక్కు అంటుకుపోవడం వల్ల ఒకటి అంటే రెండోది దానంతట అదే వస్తుంది, రాజమండ్రిలో రిక్షా తొక్కే మనిషికీ హైదరాబాద్‌లో కాలేజీ కుర్రాడికీ ఒకేలా వస్తుంది. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు. 2021లో ప్రైవేటీకరణ వార్త రాగానే అదే నినాదం, ఒక్క అక్షరం మారకుండా, మళ్ళీ గేటు ముందుకొచ్చింది. కానీ నినాదం ఒక్కటే ఫ్యాక్టరీని తెచ్చిందని అనుకోకూడదు. దాని వెనక నిరాహారదీక్షలున్నాయి, ప్రాణాలు పోయాయి. జనానికి ఆ ప్రాణాలు గుర్తున్నాయి గనకే ఆ నాలుగు మాటలకి ఇప్పటికీ అంత బరువుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చరిత్రలో ఉంది. రోమ్‌లో కేటో అనే పెద్దమనిషి సెనేట్‌లో ఏ విషయం మీద మాట్లాడినా చివర్లో కార్తేజ్ నగరాన్ని నాశనం చేయాలి అని ముగించేవాడని చెబుతారు. క్రీస్తుపూర్వం 149లో యుద్ధం మొదలైంది, 146లో ఆ నగరం నేలమట్టమైంది. మళ్ళీ మళ్ళీ చెప్పడం పనిచేస్తుంది, మంచికీ పనిచేస్తుంది, ఒక ఊరిని తగలబెట్టడానికీ పనిచేస్తుంది.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పోటీపడి చెబితే ఏమవుతుందో చూడాలంటే కోరాపుట్ జిల్లా అంచున కొటియా గ్రామాలకు వెళ్ళాలి. 21 ఊళ్ళు, ఇవి మావి అని ఒడిశా, మావి అని ఆంధ్రా. అక్కడి వాళ్ళలో చాలామందికి రెండు వైపులా ఓటుంది, రెండు వైపుల పథకాలూ అందుతాయి. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే వివాదం మళ్ళీ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇలాంటిచోట ఎవరి మాట ఎక్కువసార్లు వినపడిందన్నది తూకం కాదు, రోడ్డు ఎవరు వేశారు, నర్సు ఎవరి తరఫున వచ్చిందని జనం చూస్తారు.

ఇక రాతకి వస్తే, చెవికి పనికొచ్చింది కంటికి అంతే మోతాదులో పనికిరాదు. వినేవాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ వినలేడు, కాబట్టి మాట్లాడేవాడే వెనక్కి తీసుకెళ్ళాలి. చదివేవాడికి కాగితం చేతిలోనే ఉంటుంది. మనవాళ్ళు రాసే అర్జీలు చూస్తుంటాను, మొదటి పేరాలో "దయచేసి", రెండో పేరాలో "దయతలచి", చివర్లో "దయగల ప్రభువులు". మూడు పేజీల దయ ఉంటుంది, పోస్టు ఏ నెలలో ఖాళీ అయిందో ఉండదు. దండం ఒకసారి పెడితే చాలు. మళ్ళీ మళ్ళీ రావాల్సింది అడుగుతున్న విషయం, అది వచ్చిన ప్రతిచోటా కింద ఒక తేదీ, ఒక సంఖ్య, ఒక కాగితం నకలు ఉండాలి.

ఆ ఊరి తల్లిదండ్రులు ఇప్పుడు రాస్తున్న అర్జీని అలాగే తయారుచేస్తున్నాం. తెలుగులో, ఒడియాలో పక్కపక్కనే. మాస్టారు ఆ రోజు సభలో అన్న వరసనే ఉంచాం, "మాస్టారు లేరు" అన్న మాట నాలుగు చోట్ల వస్తుంది. మొదటిదాని కింద అడ్మిషన్ రిజిస్టరు నకలు, రెండోదాని కింద పుస్తకాలు అందిన రసీదు, మూడోదాని కింద పరీక్ష పేపర్లు దిద్దిన వివరం, నాలుగోదాని కింద ఏడాదివారీగా పిల్లల సంఖ్య, దాని పక్కనే పోస్టు ఖాళీ అయిన తేదీ. ఆ చివరి పట్టిక ఒక్క బడిదే అయితే చిన్నదిగా కనపడుతుంది. కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు మీడియం బడుల్లో పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ బడిలో పోస్టు ఎప్పుడు ఖాళీ అయింది, ఆ ఏడాది ఎంతమంది ఉన్నారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, ఈ మూడు సంగతులు హెడ్‌మాస్టారిని అడిగి రాసి పెట్టుకోండి. పిల్లల పేర్లు అక్కర్లేదు. బళ్ళు తెరిచేలోగా పట్టిక పూర్తి చేసి అర్జీ ఇవ్వాలని అనుకుంటున్నాం.